ఎల్లా ఫిట్జెరాల్డు

పాట పుట్టుట ఒక ఎత్తు, నిలుచుట ఒక ఎత్తు. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధములో అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూయార్కు నగరమందలి బ్రాడ్వే నాటకశాలల కొరకును, హాలీవుడ్డు చలనచిత్రముల కొరకును వేలకొలది పాటలు పుట్టినవి. ఇర్వింగ్ బెర్లిను, జెరోము కెర్ను, కోల్ పోర్టరు, జార్జి గెర్ష్విను మున్నగువారు వానికి కర్తలు. నాటకము ఆడినన్నాళ్లు జనులు ఆ పాటలను వీథులలో పాడుకొనెడివారు. తెర దిగిన పిమ్మట పెక్కు పాటలు దానితోపాటే మరుగుపడెడివి. కొన్ని మాత్రము గాయకుల కంఠములందును, నృత్యశాలల వాద్యబృందములందును బ్రదికి, కొత్తగా పాడవచ్చిన ప్రతివాడును నేర్వదగిన పాటలుగా స్థిరపడెను. అట్టి వానిని అమెరికనులు స్టాండర్డులు అందురు. చెదరియున్న ఆ పాటలను ఒక్కొక్క కర్త పేరిట ఒకచోట చేర్చి, గ్రామఫోను రికార్డులలో పాడి నిలిపిన గాయని ఎల్లా ఫిట్జెరాల్డు. ఆమె జాజు సంగీతమున పేరుగాంచిన నల్లజాతి స్త్రీ. ఆ పాటలు వ్రాసినవారిలో కొందరు ధనికుల విందులలో మెలగినవారు. వానిని పాడిన యామె ఒకనాడు తలదాచుకొన చోటులేక న్యూయార్కు వీథులలో తిరిగిన బాలిక.

ఎల్లా 1917వ సంవత్సరము ఏప్రిలు 25వ తేదీన వర్జీనియా రాష్ట్రములోని న్యూపోర్టు న్యూసు అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి విలియము ఫిట్జెరాల్డు, తల్లి టెంపరెన్సు. బిడ్డ పసితనముననే తలిదండ్రులు విడిపోయిరి. తల్లి బిడ్డను వెంటబెట్టుకొని న్యూయార్కునకు చేరువనున్న యాంకర్సు పట్టణమునకు పోయి, బట్టలుతుకు శాలలో పనిచేయుచు కాలము గడపెను. కలిమి లేకున్నను ఇంట గ్రామఫోను రికార్డులు ఉండెడివి. తల్లి తెచ్చిన రికార్డులలో కానీ బాస్వెల్ అను శ్వేతజాతి గాయని పాటలు ఎల్లాకు ప్రాణము. ఆమె పాడినట్లే పాడవలెనని బాలిక ముచ్చటపడెడిది. అయితే ఆ వయసున ఎల్లా మనసంతయు నృత్యముమీద నుండెను. చెలికాండ్రతో కలసి వీథిమలుపులలో నాట్యమాడి, దారినపోవువారు వేసిన చిల్లర యేరుకొనెడిది.

1932లో తల్లి మరణించెను. అప్పటికి ఎల్లాకు పదునైదేండ్లు. హార్లెములోనున్న పినతల్లి ఆమెను చేరదీసెను గాని, బాలికకు చదువు సాగలేదు. బడి మానివేసి, చట్టము నిషేధించిన జూదపు చీట్లు చేరవేయుట వంటి పనులకు దిగెను. పోలీసులు ఆమెను పట్టుకొని తొలుత నల్లజాతి అనాథశరణాలయమున నుంచిరి. పిదప హడ్సను అను ఊరనున్న బాలికల దిద్దుబాటు పాఠశాలకు పంపిరి. పేరునకది పాఠశాలయే గాని, అచ్చటి బాలికలు దెబ్బలు తినెడివారు; నల్లజాతి బాలికలను వేరుగా నుంచెడివారు. ఆ పాఠశాలకు ఒక గాయకబృందముండెను. శ్వేతజాతి బాలికలే అందులో పాడుటకు అర్హులు. ముందుముందు లోకమంతయు చెవియొగ్గి వినబోవు కంఠమునకు ఆ బృందమున చోటు దొరకలేదు. ఎల్లా తన జీవితకాలమున ఆ దినములను గూర్చి బహిరంగముగ ముచ్చటించినది లేదు. ఆమె చనిపోయిన పిదప, 1996లోనే ఆ సంగతులు పత్రికలకెక్కెను.

ఆ పాఠశాలనుండి ఆమె పారిపోయి హార్లెము చేరెను. ఇల్లు లేదు, ఇంటికి పోయినచో పోలీసులు వత్తురను భయము. ఆ కాలమున హార్లెములోని అపోలో నాటకశాలలో వారమునకొకరాత్రి కొత్తవారికి పోటీలు జరుగుచుండెడివి. ప్రేక్షకులు మెచ్చినచో చప్పట్లు, మెచ్చనిచో కేకలు. దాక్షిణ్యమను మాట అచ్చట లేదు. 1934 నవంబరు 21వ తేదీ రాత్రి ఎల్లా ఆ పోటీకి వచ్చెను. చినిగిన దుస్తులు, కాళ్లకు మగవారి బూట్లు. నాట్యము చేయవలెనని ఆమె యుద్దేశము. కాని ఆమెకు ముందుగా ఎడ్వర్డ్సు సోదరీమణులను పేరుగల నర్తకులు ఆడి, నాటకశాల నుఱ్ఱూతలూగించి వెడలిరి. వారి వెనుక తాను ఆడి నిలువజాలనని ఎల్లాకు తోచెను. వేదికమీద నిలువబడిన పిదప వెనుకకు పోవుట కుదరదు గదా! జూడీ అను పాటను కానీ బాస్వెల్ రీతిలో పాడెను. మొదట గోల చేసిన జనము క్రమముగ సద్దుమణిగెను. మఱియొక పాట పాడుమని కోరెను. ప్రథమ బహుమానము ఇరువదియైదు డాలర్లు ఆమెకు దక్కెను. గెలిచినవారికి ఒక వారము అపోలోలో పాడు నవకాశము సైతమీయవలసి యుండగా, ఆమె వాలకము చూచి అది మాత్రమీయలేదని చెప్పుదురు.

అట్టి వాలకమును చూచి వెనుదీసిన మఱియొకడు చిక్ వెబ్బు. సవోయి అను ప్రసిద్ధ నృత్యశాలలో వాద్యబృందమును నడపుచు, డ్రమ్ములు వాయించుటలో సాటిలేనివాడని పేరొందినవాడు. చిన్ననాట వెన్నెముకకు సోకిన క్షయవలన గూనుపడి, పొట్టిగా ఉండిపోయెను. తన పొడవునకు తగినట్లు అమర్చిన డ్రమ్ములముందు ఎత్తైన పీఠమున కూర్చుండి వాయించెడివాడు. నలుగురి యెదుట నిలుపుటకు చక్కని రూపముగల గాయని కావలెనని అతడు మొదట శంకించెను. తుదకు యేలు విశ్వవిద్యాలయమున జరుగనున్న నృత్యోత్సవమున ఆమెచే పాడించి చూతమని ఒప్పుకొనెను. విద్యార్థులు మెచ్చుకొనిరి, 1935లో ఎల్లా ఆ బృందమున చేరెను. ఆమెకది పనిమాత్రమే కాక ఇల్లును ఆయెను.

మూడేండ్లకు ఆమె పేరు దేశమంతట మ్రోగెను. పచ్చని, పసుపువన్నెల బుట్ట ప్రస్తావన గల, అమెరికాలో పిల్లలు పాడుకొను ఆటపాట యొకటి గలదు. దానిని పెంచి, జాజు నడకలో కూర్చినచో బాగుండునని ఎల్లాకు తోచెను. వాద్యరచయిత ఆల్ ఫెల్డుమను సాయముతో అది ఎ టిస్కెట్ ఎ టాస్కెట్ అను పాటయై 1938లో రికార్డుగా వెలువడి, పదిలక్షల ప్రతులు అమ్ముడుపోయెను. మఱుసటి యేడు జూన్ 16వ తేదీన వెబ్బు మరణించెను. అప్పటికతని వయసు ముప్పదినాలుగేండ్లు మాత్రమే. పిమ్మట ఆ బృందము ఎల్లా పేరిటనే 1942 వరకు నడచెను. ఇరువదిరెండేండ్ల యువతి పేరిట పురుషుల వాద్యబృందము నడచుట ఆ రోజులలో అరుదు.

తరువాతి కాలమున జాజు సంగీతములో బీబాప్ అను కొత్త పోకడ బయలుదేరెను. ట్రంపెట్టు వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ దానికి మూలపురుషులలో నొకడు. ఎల్లా అతని బృందముతో ఊరూర తిరుగుచు, ఆ వాద్యములు పలుకు శీఘ్రమైన స్వరగతులను కంఠముతో పలికించుట సాధించెను. అర్థములేని అక్షరములతో అప్పటికప్పుడు కల్పించి పాడు ఈ పద్ధతికి స్కాట్ అని పేరు. కచేరీలలో కల్పనస్వరములు వినినవారికి దీని రుచి కొంత ఊహకందును. అయితే ఇచ్చట సరిగమలుండవు, బూరల ధ్వనులను తలపించు అక్షరములుండును. 1947లో ఆమె ఓ లేడీ బి గుడ్ అను గెర్ష్విను పాటను ఈ విధముగ పాడెను. ఆ రికార్డులో పాట మాటలు కొంతసేపే వినవచ్చును. తక్కినదంతయు మెఱుపువేగమున సాగు గొంతు విన్యాసమే. అంతటితో ఆమె ప్రజ్ఞ సంగీతజ్ఞులకందరకు తెలిసిపోయెను. ఆ యేడే బేసు వాద్యకారుడు రే బ్రౌనును వివాహమాడెను. ఆ బంధము 1953 వఱకు నిలిచెను.

ప్రజ్ఞ యుండియు ఆమెకు తగిన పాటలు దొరకకపోవుట అప్పటి లోటు. అప్పుడామె రికార్డులు తీయుచున్న డెక్కా కంపెనీ ఆయా వారము చెల్లుబడియగు చిల్లరపాటలను కూడ ఆమెచే పాడించెడిది. ఇంతగొప్ప గొంతు ఇట్టి పాటలమీద వ్యయమగుట చూచి బాధపడినవాడు నార్మన్ గ్రాంజు. ఇతడు జాజు కచేరీలను నగరనగరమున ఏర్పాటుచేయు శ్వేతజాతి వ్యాపారి. అతని కచేరీలకు ఒక నియమముండెను: ప్రేక్షకులలో నల్లవారిని, తెల్లవారిని వేరువేరు వరుసలలో కూర్చుండబెట్టరాదు. దక్షిణ రాష్ట్రములలో ఈ నియమము పెద్ద సాహసము. 1955 అక్టోబరులో టెక్సాసు రాష్ట్రమందలి హ్యూస్టనులో అతడు ఇట్లే కచేరీ పెట్టగా, పోలీసులు తెరవెనుకకు చొరబడి, కొందరు వాద్యకారులు పాచికలాడుచుండిరను నెపమున గిలెస్పీ మొదలగువారితోపాటు ఎల్లాను కూడ నిర్బంధించి తీసికొనిపోయిరి. ఎల్లా చేసిన నేరము, ఒక గదిలో కూర్చుండి ఫలాహారము తినుటయే. పూచీకత్తుమీద విడుదలయై వచ్చి, ఆమె ఆ రాత్రియే రెండవ కచేరీలో పాడెను. నిర్బంధించిన పోలీసులే ఠాణాలో ఆమె సంతకము అడిగిరట!

గ్రాంజు ఎల్లాను డెక్కా ఒప్పందమునుండి తప్పించి, 1956లో వెర్వ్ అను కొత్త రికార్డు కంపెనీని స్థాపించెను. అమెరికను పాటల కర్తలలో ఒక్కొక్కరి పాటలను ఒక్కొక్క సంపుటముగ ఎల్లాచే పాడించవలెనని అతని తలంపు. వీనికి సాంగ్ బుక్ అని పేరు పెట్టెను. ఈ తలంపు పొసగుటకు ఒక యంత్రవిశేషము తోడ్పడెను. పూర్వపు రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు ఒక్కొక్క ప్రక్క రమారమి మూడు నిమిషములు మాత్రమే పాడెడిది. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డు నిమిషమునకు ముప్పదిమూడుంబావు చుట్లకు కొంచెమెక్కువగ తిరుగుచు, సన్నని గాడులతో ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు మించి పాడును. విడివిడిగా నుండిన పాటలు ఒక గ్రంథమువలె వరుసగా వినుటకు వీలు కలిగినది ఈ రికార్డుతోనే.

కాని కాలము అనుకూలముగ లేదు. ఆ 1956వ సంవత్సరముననే అమెరికా యువజనులు ఎల్విస్ ప్రెస్లీ పాడు రాక్ అండ్ రోల్ సంగీతమునకు పరవశులగుచుండిరి. ఇరువది ముప్పదేండ్లనాటి నాటకములలోని పాటలను మరల ఎవరు విందురు? గెర్ష్విను 1937లోనే మరణించెను. లారెన్సు హార్టు 1943లోను, కెర్ను 1945లోను గతించిరి. వారి పాటలను ఎరిగిన తరము ముసలిదగుచుండెను. అట్టి సమయమున కోల్ పోర్టరు సాంగ్ బుక్ ముప్పదిరెండు పాటలతో, రెండు రికార్డుల జంటగా వెలువడెను. వాద్యరచన బడ్డీ బ్రెగ్మనుది. జాజు ఎరుగనివారు కూడ దానిని కొనిరి. పాతపాటలకు కాలము చెల్లలేదని అంతటితో తేలిపోయెను.

ఆ సంపుటములోని ఎవ్రీ టైమ్ వుయ్ సే గుడ్ బై అను పాట ఎల్లా గానరీతిని తెలిసికొనుటకు చక్కని ఉదాహరణము. అది వియోగమును గూర్చిన పాట. పాశ్చాత్య సంగీతమున ఉల్లాసమునకు మేజరు, విషాదమునకు మైనరు అను రెండు స్వరకూటములు గలవు. వీడ్కోలువేళ మనసు మేజరునుండి మైనరునకు మారినట్లుండునని పాటలో వచ్చు చోటనే, పోర్టరు వాద్యములలోని స్వరకూటమును నిజముగనే మేజరునుండి మైనరునకు మార్చెను. ఈ చమత్కారమును గాయకుడు ఒత్తి చూపినచో వికటించును. గమనింపక పాడినచో వృథాయగును. ఎల్లా ఆ చోట ఏ యలంకారమును చేయదు. స్వరమును సూదిమొనవలె సరిగా నిలిపి, మాటను తేటగా పలికి ఊరకుండును. మార్పు దానియంతటదే వినువాని గుండెకు తగులును.

ఆ పిమ్మట రిచర్డు రాడ్జర్సు, లారెన్సు హార్టుల సంపుటము అదే యేట వచ్చెను. 1957లో డ్యూక్ ఎల్లింగ్టను సంపుటమునకు ఆ కర్తయే తన బృందముతో వచ్చి వాయించెను. 1958లో ఇర్వింగ్ బెర్లిను సంపుటము వచ్చెను. 1961లో హెరాల్డు ఆర్లెను, 1963లో కెర్ను, 1964లో జానీ మెర్సరు, మొత్తము ఎనిమిది. వీనిలో మకుటాయమానమైనది 1959లో వచ్చిన గెర్ష్విను సోదరుల సాంగ్ బుక్. అయిదు రికార్డులు, యాబదిమూడు పాటలు. వాద్యరచన నెల్సన్ రిడిల్. జార్జి కూర్చిన వరుసలకు మాటలు వ్రాసిన అన్న ఐరా గెర్ష్విను అప్పటికి జీవించియుండెను. తమ్ముడు పోయిన ఇరువదిరెండేండ్లకు తమ పాటలు ఇట్లు ఒకచోట చేరుట అతడు కన్నులార చూచెను. వాని విలువ ఎల్లా నోట వినినపుడే తనకు బోధపడెనని అతడు మెచ్చుకొన్నట్లు ప్రసిద్ధి.

ఈ సంపుటములో ఓ లేడీ బి గుడ్ మరల వచ్చును. పండ్రెండేండ్లకు మునుపు మెఱుపువేగమున, మాటలు విడిచి పాడిన పాట అదే. 1924 నాటి నాటకములోనిది. మహానగరమున ఒంటరియైనవాడు కొంచెము దయ చూపుమని వేడుకొనుట దాని భావము. 1959లో ఎల్లా దానిని మెల్లగా పాడెను. సాధారణముగ గాయకులు విడిచివేయు పీఠిక భాగమును కూడ విడువక, ప్రతిమాటను దాని చోట నిలిపి పాడెను. స్కాట్ ఒక్క అక్షరము లేదు. రెండు రికార్డులను ఒకదాని వెంట ఒకటి వినినవారికి, ఇదే పాటయా అని ఆశ్చర్యము కలుగును. మొదటిదానిలో గాయని కనిపించును. రెండవదానిలో పాట కనిపించును. తన విద్యనంతయు ప్రదర్శింపగలవారు పలువురు. కావలసినచోట దానిని దాచుకొనగలవారు అరుదు.

ఆమె గానమున లోపమెంచినవారు లేకపోలేదు. ఆమె సమకాలికురాలగు బిల్లీ హాలిడే పాడినపుడు ఆమె జీవితములోని గాయములు వినవచ్చుననియు, ఎల్లా గొంతు మరీ నిర్మలమై, దుఃఖగీతములలో సైతము వెలుగునే చిందుననియు విమర్శకులు కొందరనిరి. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. బిల్లీ ఏ పాట పాడినను అది బిల్లీ కథయగును. ఎల్లా పాడినచో ఆ పాట దాని కర్తదిగనే యుండును. పాటలను భద్రపరచుటయే పనియైనపుడు రెండవ గుణమే కావలసినది. సుమారు మూడు స్థాయిల పరిధిలో శ్రుతి చెదరక, మాట నలగక పాడిన ఆ సంపుటములు నేటికిని కొత్త గాయకులకు పాఠ్యగ్రంథములవలె ఉపయోగపడుచున్నవి.

1959లో అమెరికా రికార్డుల రంగమున గ్రామీ బహుమానములు తొలిసారి ఇచ్చినపుడు, బెర్లిను, ఎల్లింగ్టను సాంగ్ బుక్కులకు గాను ఎల్లా రెండు బహుమానములు పొందెను. ఆ గౌరవమందిన తొలి నల్లజాతి స్త్రీ ఆమెయే. జీవితమున మొత్తము పదుమూడు గ్రామీలు పొందెను.

మాటలపట్ల ఇంత శ్రద్ధగల గాయనికి ఒకమారు మాటలు మరపునకు వచ్చెను. 1960 ఫిబ్రవరి 13వ తేదీన జర్మనీలోని బెర్లిను నగరమున కచేరీ. వేలమంది శ్రోతలు. మాక్ ద నైఫ్ అను పాటను ఎత్తుకొని, సగము పాడునప్పటికి తక్కిన చరణములు ఆమెకు తోచలేదు. ఆమె ఆగలేదు. తాను మరచితినని, పాటను పాడుచేయుచున్నానని తాళము తప్పక, ప్రాస కుదుర్చుకొనుచు పాటలోనే చెప్పివేసెను. ఆ పాట పాడి పేరొందిన వారిని తలచుకొనెను. నడుమ లూయీ ఆర్మ్‌స్ట్రాంగు గొంతును అనుకరించెను. సభ హర్షధ్వానములతో నిండిపోయెను. ఆ పొరపాటుతో కూడిన పాటనే రికార్డుగా వెలువరింపగా దానికి గ్రామీ బహుమానము లభించెను. అపోలో వేదికమీద నాట్యము మాని పాటనెత్తుకొన్న బాలిక సమయస్ఫూర్తి ఆమెను విడిచిపోలేదు.

ఖ్యాతి వచ్చిన పిదపను ఎల్లా బిడియస్తురాలుగనే యుండెను. పదిమందిలో మాటలాడుటకు జంకెడిది. వేదికమీద పాడుట మాత్రము ఆమెకు సుఖము. ఏడాదిలో అధికభాగము ప్రయాణములలోనే గడచెడిది. మధుమేహము ఆమె కన్నులను, గుండెను, తుదకు కాళ్లను దెబ్బతీసెను. 1986లో గుండెకు శస్త్రచికిత్స జరిగినను మరల వేదికనెక్కెను. 1987లో జాతీయ కళాపతకమును, 1992లో అధ్యక్షుని స్వాతంత్ర్యపతకమును అమెరికా ప్రభుత్వము ఆమెకొసగెను. 1993లో రెండు కాళ్లను మోకాలి దిగువన తీసివేయవలసి వచ్చెను. ఆ యేడే, పేదపిల్లల చదువునకును సంగీతమునకును తోడ్పడుటకై ఒక ధర్మసంస్థను నెలకొల్పెను. 1996 జూన్ 15వ తేదీన కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్సులో తన యింట కన్నుమూసెను.

ఆమె పాడిన పాటల వాద్యరచనల ప్రతులు వాషింగ్టనులోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసునకు చేరినవి. ఆమె ఇష్టపడి కూడబెట్టిన వంటల పుస్తకములు మాత్రము హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ష్లెసింజరు గ్రంథాలయమున నున్నవి.